వార్డుకు ఒక్కరైనా నిలబడండి!



పంచాయతీ ఎన్నికల మాట వినపడితే చాలు, టీ కొట్టు దగ్గర సర్పంచ్ సంగతి మొదలవుతుంది. రిజర్వేషన్ ఏమొస్తుంది, ఏ వర్గం ఎవర్ని పెడుతుంది, ఎవరు ఎంత దించుతారు, అంతా అదే. వార్డు మెంబర్ల ఊసు నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా ఎవరికీ పట్టదు. అప్పుడు సర్పంచ్‌గా నిలబడేవాడి మనిషి ఒకడు చేతిలో జాబితా పట్టుకుని గడప ముందుకొస్తాడు. "వదినా, ఇక్కడో సంతకం పెట్టు, డిపాజిట్ మేం కడతాంలే" అంటాడు. వదిన పెడుతుంది. గెలుస్తుంది కూడా. ఆ తర్వాత తీర్మానాల పుస్తకం ఇంటికే వస్తుంది, పొయ్యి మీద కూర దించి చెయ్యి తుడుచుకుని అందులోనూ సంతకం పెడుతుంది. దేనికి పెట్టిందో ఆమెకు ఎవరూ చెప్పరు, ఆమె అడగదు. ఐదేళ్లు గడిచిపోతాయి.

ఈ కాగితంలో ఎవరికీ ఓటెయ్యమని లేదు. మిమ్మల్ని నిలబడమని ఉంది. అదీ సర్పంచ్‌గా కాదు, ముందు వార్డు మెంబరుగా. మాలో కొందరం గతంలో ఎన్నికల డ్యూటీ చేసినవాళ్లం. నామినేషన్ల బల్లకు అవతలి పక్క కూర్చుని చూసినవాళ్లం. మంచి మనుషులు చిన్న కాగితం పొరపాటుతో వెనక్కి తిరిగిపోతుంటే చూశాం. అందుకే ఇది అచ్చు వేయిస్తున్నాం.

మెంబరుకు ఏం పవరుంటుంది అంటారు. ఒక్కడికే అయితే పెద్దగా ఉండదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ మన ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం పంచాయతీకి తక్కువలో తక్కువ 5 వార్డులు, ఎక్కువలో ఎక్కువ 21. పది వార్డుల ఊరు అనుకోండి. ఆరుగురు మెంబర్లు ఒక మాట మీద ఉంటే సర్పంచ్ ఎంత గట్టివాడైనా వాళ్లను కాదని తీర్మానం నడవదు. ఆర్థిక సంఘం డబ్బులు ఏ వీధికి పోవాలి, మోటారు రిపేరు బిల్లు ఎంత, ఎల్ఈడీ దీపాలు ఎన్ని కొన్నారు, ఎన్ని వెలుగుతున్నాయి... ఇవన్నీ ఆ బల్ల మీదకు రావాల్సిన లెక్కలే. ఉప సర్పంచ్‌ను ఎన్నుకునేదీ ఊరు కాదు, మెంబర్లే. సర్పంచ్ కుర్చీ ఏ కారణంగానైనా ఖాళీ అయితే ఆ బాధ్యత ఉప సర్పంచ్ మీద పడుతుంది. అయినా మెంబర్ల ఎన్నిక మీద ఊరు పెట్టాల్సినంత కన్ను పెట్టడం లేదు.

ఇంకో సంగతి. వార్డంటే రెండు మూడు వీధులు. మీకు పెళ్లి పత్రిక ఇచ్చిన ఇళ్లు, మీ ఇంట్లో చావుకు వచ్చిన ఇళ్లు. అక్కడ ఓటు అడగడానికి జీపు అక్కర్లేదు, మైకు అక్కర్లేదు.

ఏకగ్రీవం గురించి

ఊరంతా కూర్చుని, అందరి మాటా విని, ఒక మంచి మనిషి మీద మాట కలిస్తే దానికి మేం అడ్డం కాదు. మేం చెప్పేది ఇంకో రకం ఏకగ్రీవం గురించి. రాత్రిపూట గుడి ముందు పది మంది కూర్చుంటారు. సర్పంచ్ పదవికి పాట మొదలవుతుంది. ఎక్కువకు పాడినవాడికి పదవి, డబ్బు గుడి మండపానికి. మిగతా ఎవరూ నామినేషన్ వెయ్యకూడదని కట్టుబాటు. వేస్తే ఊరికి విరోధి. ఆ పది మందిలో ఆడవాళ్లు ఉండరు, కాలనీవాళ్లు ఉండరు. పాడుకున్నవాడు పెట్టిన లక్షలు గౌరవ వేతనంతో తీరేవి కావు. అవి ఎక్కడ్నుంచి తిరిగి రాబట్టుకుంటాడో మీ వీధి సిమెంటు రోడ్డు మందం చూస్తే తెలుస్తుంది. ఇలా పదవిని వేలం వెయ్యడం చట్టం ఒప్పుకునే పని కాదు. డబ్బు గుడికి పోయినా సరే.

2021లో ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వం ప్రోత్సాహకం ప్రకటించింది. రెండు వేల లోపు జనాభాకు 5 లక్షలు, ఐదు వేల లోపుకు 10 లక్షలు, పది వేల లోపుకు 15, ఆ పైన 20 లక్షలు. ఆ డబ్బు చూపించి నోళ్లు మూయించిన ఊళ్లు లేవనలేం. మండల, జిల్లా పరిషత్ ఎన్నికల సంగతి ఇంకా చూడండి. 2020 మార్చిలో నామినేషన్లు పడ్డాయి. 2,371 ఎంపీటీసీ స్థానాలూ, రాష్ట్రంలోని 660 జడ్పీటీసీల్లో 126 స్థానాలూ ఓటు పడకుండానే అయిపోయాయి. నామినేషన్ పత్రాలు లాక్కుని చింపేసిన వార్తలు అప్పుడు పేపర్లలో మనమంతా చదివాం. అంతమంది ఓటర్లకు వేలి మీద సిరా చుక్క పడే అవకాశమే రాలేదు. రెండో అభ్యర్థి ఉంటేనే ఎన్నిక. ఆ రెండో అభ్యర్థి మీరు కండి.

ఎవరు నిలబడొచ్చు

నామినేషన్ల పరిశీలన రోజుకు 21 ఏళ్లు నిండాలి. ఈ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుండాలి. చదువు షరతు లేదు, ఆస్తి షరతు లేదు. ప్రభుత్వ ఉద్యోగులూ, పంచాయతీలో జీతం తీసుకునేవాళ్లూ కుదరదు. పంచాయతీకి పన్ను బకాయి పడి, నోటీసు అందుకుని, గడువు దాటినా కట్టనివాళ్లకు చిక్కు వస్తుంది. కాబట్టి ఇంటి పన్ను, కుళాయి పన్ను ఇప్పుడే కట్టి రసీదు దాచుకోండి. ఎన్నికల వారంలో బిల్లు పుస్తకం ఉన్న మనిషి దొరక్కపోవచ్చు.

ముగ్గురు పిల్లలున్నారు, మాకు కుదరదుగా అని ఇప్పటికీ అడిగేవాళ్లు ఉన్నారు. ఆ నిబంధన దాదాపు ముప్పై ఏళ్లు ఎంతోమందిని ఆపింది. పల్లెల్లో ఎక్కువగా దెబ్బ తిన్నది పేద ఇళ్ల ఆడవాళ్లే. 2024 నవంబరులో మన శాసనసభ దాన్ని ఎత్తేసింది. ఇద్దరికి మించి ఉన్నా నిలబడొచ్చు.

'జనరల్' అన్న మాట దగ్గర మన ఊళ్లలో పెద్ద అపోహ ఉంది. వార్డు జనరల్ అయితే అది ఓసీలదని, మిగతావాళ్లు వెయ్యకూడదని అనుకుంటారు. అలా అనుకునేలా చెప్పేవాళ్లూ ఉన్నారు. జనరల్ వార్డులో ఎవరైనా నిలబడొచ్చు. ఎస్సీ, ఎస్టీ, బీసీలు నిలబడొచ్చు, ఆడవాళ్లు నిలబడొచ్చు. బీసీ జనరల్ అయితే బీసీ మహిళ కూడా వెయ్యొచ్చు. రిజర్వేషన్ ఆ వర్గానికి చోటు ఖాయం చేస్తుందే తప్ప మిగతా చోట్లకు తలుపు మూయదు.

అన్నిటికంటే ముందు ఓటరు జాబితా. పంచాయతీ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తీసి వార్డులుగా విడగొడతారు. అందులో లేని పేరు ఇందులో ఉండదు. వేరే ఊరు పోయి వచ్చినవాళ్లు, కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు, పద్దెనిమిది నిండిన పిల్లలు ఇప్పుడే ఫారం-6, ఫారం-8 పెట్టుకోవాలి. ఏడాదికి నాలుగు తేదీలు, జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1, వీటిలో ఏ తేదీకి పద్దెనిమిది నిండినా ఓటుకు అర్హతే. వార్డుల జాబితా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించినప్పుడు వెళ్లి మీ పేరొక్కటే చూసి వచ్చెయ్యకండి. మీ వీధి మొత్తం ఏ వార్డులో పడిందో చూడండి. ఒకే ఇంట్లో మొగుడు మూడో వార్డులో, పెళ్లాం నాలుగో వార్డులో పడిన ఇళ్లు ఉంటాయి. అభ్యంతరం చెప్పే గడువు దాటాక అరిచి లాభం లేదు.

వారం రోజుల పరుగు

ఎన్నిక ఎంత గబగబా అయిపోతుందో 2021 తొలి విడత తేదీలు చూస్తే తెలుస్తుంది. జనవరి 29న నామినేషన్లు మొదలు, 31తో సరి. ఫిబ్రవరి 1 పరిశీలన. 2న అప్పీళ్లు, 3న వాటి మీద నిర్ణయం. 4న మధ్యాహ్నం మూడు దాకా ఉపసంహరణ. 9న పోలింగ్. అంటే నామినేషన్ వెయ్యడానికి మూడే మూడు రోజులు. గుర్తు చేతికొచ్చాక ప్రచారానికి కొద్ది రోజులే. నోటిఫికేషన్ వచ్చాక ఆలోచిద్దాంలే అనుకున్నవాళ్లు కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే గడువు అయిపోతుంది.

ఇక కాగితాలు. నామినేషన్ ఫారం, ఆస్తులూ అప్పులూ కేసులూ చదువూ చెప్పే స్వీయ ప్రకటన, దాని మీద ఇద్దరు సాక్షుల సంతకాలు, రిజర్వుడు స్థానమైతే కుల పత్రం, డిపాజిట్ రసీదు. 2021లో వార్డుకు డిపాజిట్ వెయ్యి రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 500. సర్పంచ్‌కు మూడు వేలు, వాళ్లకు 1,500. ఈసారి ఎంతో ఎన్నికల నోటీసులోనే ఉంటుంది. స్వీయ ప్రకటనలో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. లేకపోతే 'లేదు' అని రాయండి, గీత గీసి ఊరుకోవద్దు. కేసు ఉంటే ఉందని రాయండి. కేసు ఉన్నంత మాత్రాన పోటీకి అనర్హులు కారు, దాచితే మాత్రం తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

ఎక్కువ మంది పడిపోయేది ప్రతిపాదకుడి దగ్గర. మిమ్మల్ని బలపరుస్తూ ఒక ఓటరు సంతకం పెట్టాలి కదా. మీరు ఊళ్లో ఏ వార్డు ఓటరైనా ఏ వార్డుకైనా వెయ్యొచ్చు. ప్రతిపాదకుడు మాత్రం కచ్చితంగా మీరు పోటీ చేసే వార్డు ఓటరే అయ్యుండాలి. ఒకసారి ఒక కూలి మనిషి, నలభై దాటిన ఆమె, పని మానుకుని వచ్చి నామినేషన్ వేసింది. ఫారం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది, పదో తరగతి చదివే కూతురు నింపింది. ప్రతిపాదకుడిగా సంతకం పెట్టింది తోడబుట్టిన తమ్ముడు. కానీ తమ్ముడి ఇల్లు రోడ్డుకు అవతల, పక్క వార్డు. పరిశీలన రోజు అది తిరస్కరణకు పోయింది. అవతలి మనిషి ఓటు పడకుండానే గెలిచాడు. రెండో సెట్ ఇంకో ప్రతిపాదకుడితో వేసుంటే ఆమె పోటీలో ఉండేది. అందుకే చెబుతున్నాం, రెండు సెట్లు వెయ్యండి, ఇద్దరు వేర్వేరు ప్రతిపాదకులతో, వేర్వేరు పూటల్లో. ఒక దాంట్లో లోపం ఉన్నా రెండోది నిలబెడుతుంది.

ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగకండి. నామినేషన్లు తీసుకునేది మీ పంచాయతీ ఆఫీసులోనే అనుకోవద్దు. నాలుగైదు ఊళ్లకు కలిపి క్లస్టర్ కేంద్రం పెడతారు, అది పక్క ఊళ్లో ఉండొచ్చు. మొదటి రోజు ఉదయమే పోతే అధికారి తీరిగ్గా కాగితం చూస్తాడు. 'అమ్మా, ఇక్కడ సంతకం మర్చిపోయావ్' అని చెబుతాడు. ఆఖరి గంటలో ఆయనకూ ఊపిరి ఆడదు. వేశాక రసీదు అడిగి తీసుకోండి, పరిశీలన ఎప్పుడో ఎక్కడో అందులో ఉంటుంది. ఆ వేళకు తప్పకుండా అక్కడ ఉండండి. జాబితాలో క్రమ సంఖ్య ఒక అంకె తప్పు పడిందనో, పేరులో ఒత్తు పోయిందనో నామినేషన్ తీసెయ్యకూడదు. సంతకమే లేకపోతే ఎవరూ కాపాడలేరు. తిరస్కరిస్తే కారణం రాసివ్వమని అడగండి. ఆ మర్నాడే సబ్ కలెక్టర్‌కు గానీ ఆర్డీవోకు గానీ అప్పీలు చేసుకోవచ్చు. ఆ ఒక్క రోజు పోతే ఇంకేం లేదు. పోలింగ్ అయ్యేదాకా కోర్టులు కూడా ఇందులో వేలు పెట్టవు.

ఉపసంహరణ రోజును మేం అసలు పరీక్ష అంటాం. ఆ పూట మీ బావమరిది వస్తాడు, మీ ఎరువుల కొట్టు శెట్టి వస్తాడు, మీ అమ్మాయి సంబంధం చూసిన పెద్దమనిషి వస్తాడు. 'ఈసారికి వదిలెయ్యి, వచ్చేసారి నీకే' అంటారు. ఒకసారి ఉపసంహరణ కాగితం ఇచ్చాక తిరిగి తీసుకోవడం ఉండదు. అందుకని నామినేషన్ వెయ్యక ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఇంటివాళ్లు గట్టిగా నిలిస్తే బయటివాళ్ల మాట గడప దాటి రాదు. బెదిరింపు అయితే అది వేరే సంగతి. వెంటనే రాతపూర్వకంగా ఎన్నికల అధికారికీ, పోలీసులకూ ఇచ్చి ఆ కాపీ దగ్గర పెట్టుకోండి.

ఖర్చు సంగతి సూటిగా

వార్డు ఎన్నికకు ఖర్చు చేయదగ్గ డబ్బుకు పరిమితి ఉంది. 2021లో జనాభా పదివేలు దాటిన పంచాయతీల్లో 50 వేలు, తక్కువైతే 30 వేలు. అది మీరు పెట్టాల్సిన డబ్బు కాదు, దాటకూడని గీత. మమ్మల్ని అడిగితే అంత కూడా వద్దంటాం. వెయ్యి కరపత్రాలు, మీ గుర్తు బొమ్మ ఒక అట్ట మీద, ఇంటింటికీ మూడు సార్లు తిరగడం. డబ్బు పంచేవాడితో డబ్బు పంచి గెలవాలనుకుంటే ఇంట్లో కూర్చోవడం మేలు. ఓటుకు డబ్బివ్వడం నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు. ఆ మాట అలా ఉంచండి. ఆ పోటీలో వాడిని మీరు ఎలాగూ గెలవలేరు.

కరపత్రం అచ్చు వేయిస్తే అడుగున ప్రెస్సు పేరు, వేయించినవాళ్ల పేరు, చిరునామా ఉండి తీరాలి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో అది లేకుండా వేస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా అని చట్టంలోనే ఉంది. డీటీపీ కొట్టువాడు 'పర్లేదులే అన్నా' అంటాడు. పర్లేదు కాదు.

పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. పార్టీ కండువాలు ఎన్ని తిరిగినా బ్యాలట్ కాగితం మీద వాటి గుర్తు ఉండదు. మనకు ఇది కలిసొచ్చే విషయం. పార్టీవాళ్లు బీ ఫారం ఇచ్చేదాకా కాళ్లు పట్టుకునే అవసరం ఇక్కడ లేదు. బ్యాలట్ మీద అభ్యర్థి పేరు కూడా ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది.   కనుక గుర్తునే పది సార్లు చెప్పండి.

గెలిచినా ఓడినా 45 రోజుల్లో ఖర్చు లెక్క ఇవ్వాలి. ఏమీ ఖర్చు పెట్టకపోయినా ఆ మాటే రాసివ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి పనికిరాకుండా పోతారు. ఓడినవాళ్లు దీన్ని ఎక్కువగా మర్చిపోతారు, తర్వాత ఎంపీటీసీకి నిలబడదామంటే పాత లెక్క అడ్డం వస్తుంది.

లెక్కింపు గదిలో

2021లో పోలింగ్ ఉదయం ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా, నాలుగు నుంచి అక్కడే లెక్కింపు. మీ ఏజెంటుగా ఎవర్నో ఒకర్ని పంపకండి. కళ్లు బాగా కనపడే, నోరు నెమ్మదిగా ఉండే, మధ్యలో టీకని బయటకు పోని మనిషిని పంపండి. బ్యాలట్లను 25 చొప్పున కట్టలు కడతారు. కట్టలో మీ ఓట్ల మధ్య ఇంకొకరిది, ఇంకొకరి కట్టలో మీది కలిసిపోయిందేమో చూడాల్సింది ఏజెంటే. వార్డులో గెలుపు ఓటమి ఒకటి రెండు ఓట్ల మీద తేలడం మామూలే. సమానంగా వస్తే చీటీ తీస్తారు.

అన్నిటికంటే గొడవ చెల్లని ఓట్ల దగ్గర. ఓటరు స్వస్తిక్ ముద్ర కొట్టి కాగితం తడిగా ఉండగానే మడత పెడతాడు. ఆ సిరా ఎదురు గడిలోనూ అంటుకుంటుంది. రెండు గుర్తుల మీద ముద్ర ఉందని అవతలివాడు 'చెల్లదు' అని అరుస్తాడు. కానీ ఆ ముద్ర అచ్చుబొమ్మను ఊరికే అలా చెయ్యలేదు. అసలు ముద్ర చేతులు ఒక వైపు తిరిగి ఉంటాయి, మడతలో అంటుకున్న మరక అద్దంలో చూసినట్టు ఎదురు తిరిగి ఉంటుంది. ఏది ఓటరు కొట్టిందో, ఏది మడతకు పడిందో వెలుతురులో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. అలాంటి ఓటు చెల్లుతుంది. మీ ఏజెంటుకు ఈ ఒక్క సంగతి నేర్పి పంపినా చాలు, ఆ గదిలో నాలుగు ఓట్లు కాపాడుకొస్తాడు.

పై ఎన్నికల మీద కన్నున్నవాళ్లకు

కొందరు కుర్రాళ్లు 'వార్డేంటండీ, ఎమ్మెల్యేకే వేద్దాం' అంటున్నారు. వెయ్యండి, 25 ఏళ్లు నిండితే అసెంబ్లీకైనా లోక్‌సభకైనా వెయ్యొచ్చు. హైదరాబాద్‌లో ఓటున్న మన ఊరి కుర్రాడు ఇక్కడ పార్లమెంటుకు నిలబడొచ్చు, ఎందుకంటే లోక్‌సభకు దేశంలో ఏ నియోజకవర్గంలో ఓటున్నా చాలు. అసెంబ్లీకి మాత్రం కుదరదు, ఈ రాష్ట్రంలోనే ఓటుండాలి. పంచాయతీకైతే ఈ ఊళ్లోనే ఉండాలి. డిపాజిట్ అసెంబ్లీకి పదివేలు, లోక్‌సభకు 25 వేలు, ఎస్సీ, ఎస్టీలకు సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. స్వతంత్రులకు పది మంది కావాలి, అందరూ అదే నియోజకవర్గం ఓటర్లే. ఫారం-26 అఫిడవిట్, ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా, మధ్యాహ్నం మూడు దాటితే తలుపు మూత. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే డిపాజిట్ గల్లంతు.

ఆ పది మంది ప్రతిపాదకుల నిబంధన వెనక మన తెలుగువాళ్ల కథే ఒకటుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన పల్లెల గోడు ఢిల్లీకి వినపడాలని దుశర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి ఆ పని చేయించింది. బ్యాలట్ కాగితం ఒక పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. నల్లగొండ నీళ్ల బాధ దేశమంతా తెలిసింది. అదే ఏడాది తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. ఆ ఏడాదే చట్టం మార్చారు. 500 ఉన్న లోక్‌సభ డిపాజిట్ పదివేలైంది, స్వతంత్రులకు పది మంది ప్రతిపాదకులు తప్పనిసరి అయ్యారు. నిరసనకు జవాబుగా నీళ్లు వచ్చేలోపు రుసుము పెరిగింది. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు మళ్లీ అదే దారి పట్టారు. అక్కడ మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అప్పటి ఎంపీ ఓడిపోయారు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది. నిలబడటం ఊరికే పోదని ఈ రెండు ఊళ్ల రైతులు చూపించారు. వాళ్లంటే మాకు గౌరవం. కానీ అవి గెలవడానికి వేసిన నామినేషన్లు కావు. మేం మిమ్మల్ని అడిగేది గెలవగలిగిన చోట, గెలిచి కూర్చోవడానికి నిలబడమని.

అక్కలకు ఒక మాట

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. గెలిచాక కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో మీకు తెలుసు. సంతకం ఆమెది, మాట ఆయనది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ ఊరికి ఒకప్పుడు సర్పంచ్‌గా ఉన్న ఫాతిమా బీ పేరు మీలో ఎంతమందికి తెలుసో. పల్లెటూరి ముస్లిం మహిళ. ఊళ్లో ఆడవాళ్లను పొదుపు సంఘాల్లోకి తెచ్చి, ఊరి పనులు వాళ్లతో చేయించింది. 1998లో పేదరికం మీద పోరాటానికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే పురస్కారం ఆమెకు వచ్చింది. డ్వాక్రా గ్రూపు పుస్తకం రాసే అక్కలు మన ఊళ్లోనూ ఉన్నారు. అప్పు, వడ్డీ, కంతు, మిగులు రూపాయి తేడా లేకుండా రాస్తున్నారు. పంచాయతీ జమా ఖర్చులు అంతకంటే కష్టమైనవేం కావు. ఆ పుస్తకం రాసే చెయ్యి నామినేషన్ ఫారం నింపలేదంటే మేం నమ్మం.

సమావేశానికి మీ ఆయన్ని పంపకండి. మీరే పొండి. మొదటి సమావేశంలో ఏం మాట్లాడాలో తెలియకపోతే ఒక్కటే అడగండి: "పోయిన నెల ఖర్చు చదవండి."

నోటిఫికేషన్ వచ్చేదాకా ప్రతి ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రచ్చబండ దగ్గర కూర్చుంటాం. ఏ వర్గంవాళ్లయినా రండి, అవతలి పార్టీవాళ్లయినా సరే. ఓటరు కార్డు, ఆధార్, ఇంటి పన్ను రసీదు, ఉంటే కుల పత్రం తెచ్చుకోండి. వార్డుల జాబితా మా దగ్గర ఉంటుంది, మీ పేరు, మీ ప్రతిపాదకుడి పేరు ఏ వార్డులో ఉన్నాయో అక్కడికక్కడే చూసి చెబుతాం. ఫారం నమూనా నింపి చూపిస్తాం. నిలబడాలని ఉండి ఇంట్లోవాళ్లు ఒప్పుకోని వాళ్లుంటే చెప్పండి, మేమే మీ ఇంటికొచ్చి మాట్లాడతాం. ఇప్పటికి మన ఊళ్లో రెండో వార్డు, ఏడో వార్డులకు ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. ఆ రెండు వీధుల వాళ్లు ముందు రండి.

ఇట్లు,
మీ ఊరివాళ్లం కొందరం